ముందు కాండం దగ్గర ఆగు

చెల్లెమ్మకు ఆశీస్సులు.

లోనోమియా ఆబ్లిక్వా మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. దక్షిణ బ్రెజిల్‌లో ఉండే ఈ మాత్ (సీతాకోకచిలుక లాంటి రెక్కల పురుగు) గురించి తెలుగులో రాయాలనుకోవడమే నాకు సంతోషం. కానీ గుడ్డుతో మొదలుపెట్టి, గొంగళిపురుగును రెండు వాక్యాల్లో దాటేసి, రెక్కల అందం మీద పేజీన్నర రాశావు. దాన్ని తిరగెయ్యి.

ఎందుకంటే ఆ మాత్‌కి తినడానికి నోరే పనిచెయ్యదు. గొంగళిగా ఉన్నప్పుడు ఒంట్లో దాచుకున్న దానితోనే కొద్ది రోజులు బతికి, జతకట్టి, గుడ్లు పెట్టి పోతుంది. దాన్ని గుర్తుపట్టడానికి నాలుగు మాటలు చాలు: రెక్కలు పరిస్తే ఎండుటాకే అనిపిస్తుంది, వాటి మీదుగా ఒక గీత, మగది పసుపు ఛాయ, ఆడది కాస్త పెద్దది, మాసిన గోధుమ ఛాయ.

గొంగళి దగ్గర మాత్రం తొందరపడకు. అక్కడి పల్లెల్లో దాన్ని తతురానా అంటారు. రాత్రిళ్ళు గుంపుగా పైకెక్కి ఆకులు తింటాయి. పగలు కిందికి దిగి, కాండం మీద ఒకదాన్నొకటి ఆనుకుని కదలకుండా ఉంటాయి. రంగు బెరడులో కలిసిపోతుంది. ఒళ్ళంతా కొమ్మలు వేసిన ముళ్ళు. పీచ్ తోటలో పనిచేసే మనిషి చూసుకోకుండా చెట్టుకు చెయ్యి ఆనించాడనుకో, అరచేతి కింద పడేది ఒక్క పురుగు కాదు, గుంపు మొత్తం. ముళ్ళ కొనలు విరిగి విషం లోపలికి దిగుతుంది. ముందు మంట, తర్వాత తలనొప్పి, వికారం. గొంగళి మంటే కదా అని ఊరుకుంటాడు. గంటలు గడిచాక చిగుళ్ళలోంచి నెత్తురు, ఒంటి మీద కమిలిన మచ్చలు, మూత్రం ఎర్రగా. రక్తం గడ్డకట్టడానికి కావలసిన సరుకునంతా విషం ముందే ఖర్చుపెట్టించేస్తుంది, ఇక ఎక్కడ చిట్లినా ఆగదు. కిడ్నీలు దెబ్బతినొచ్చు, మెదడులో రక్తస్రావమై ప్రాణమే పోవచ్చు. గుర్తుపట్టడం అన్న మాటకు ఇక్కడ ఇంత బరువుంది. నీ పేజీన్నర ఇక్కడ ఖర్చు చెయ్యి.

అలాగని ‘హంతక పురుగు’ అని మాత్రం రాయకు. అది ఎవరి మీదికీ రాదు. దక్షిణ బ్రెజిల్ రాష్ట్రాలైన రియో గ్రాండే దో సుల్, శాంటా కాటరీనాల్లో 1980ల చివరి నుంచి ఈ కేసులు బాగా పెరిగాయి. అడవులు నరకడం, పురుగును తినే సహజ శత్రువులు తగ్గడం వల్ల అది పండ్లతోటల్లోకి చేరిందని శాస్త్రవేత్తల అభిప్రాయం. ఆ నేరంలో మనిషి వాటా కూడా రాయాలి.

నువ్వు పూర్తిగా వదిలేసిన విషయం ఒకటుంది. సావో పౌలోలోని బుటాంటన్ ఇన్‌స్టిట్యూట్ 1990ల్లో దీనికి విరుగుడు సీరం తయారుచేసింది. అందుకు ముడిసరుకు ఈ గొంగళిపురుగులే. వాటి ముళ్ళ సారాన్ని గుర్రాలకు కొద్దికొద్దిగా ఎక్కించి, వాటి రక్తం నుంచి సీరం తీస్తారు. అంటే ఊళ్ళలో ఎవరో ఒకరు పురుగులను ప్రాణాలతో పట్టి పంపాలి. నాకైతే మొత్తం కథలో ఇదే గొప్ప ఘట్టం. దీనికో పేరా ఇవ్వు.

ఇంకో సంగతి. తెలంగాణలో మహదేవ్‌పూర్, చెన్నూరు వైపు మద్దిచెట్ల మీద పెంచే మన దసలి పట్టుపురుగుదీ లోనోమియా ఉన్న సాటర్నియిడే అనే మాత్‌ల కుటుంబమే. ఆ చుట్టరికం పాఠకుడికి చెప్పు, ఆసక్తిగా చదువుతాడు. కానీ దసలి పురుగుకు ఈ విషం లేదని అదే వాక్యంలో రాయి, లేకపోతే పెంచే రైతులకు అనవసరమైన టెన్షన్. లోనోమియా దసలిలా గట్టి గూడు కట్టదు, చెట్టు మొదట్లో రాలిన ఆకుల కింద ప్యూపాగా (గొంగళికీ మాత్‌కీ మధ్య దశ) మారుతుంది. కాబట్టి నీ ‘బంగారు పట్టుగూడు’ వాక్యం ఎంత బాగున్నా కొట్టెయ్యక తప్పదు.

ఫొటో ఒక్కటే వేస్తామంటే మాత్‌ది కాకుండా, పగటిపూట కాండం మీద ఉన్న గుంపుది అడుగు. మార్చాక నాకోసారి పంపు, పత్రికకు ఇచ్చేలోపు చూసి పెడతాను.

నీ అక్కయ్య