పాపకి నైట్ డ్యూటీ ఎవరు వేశారు?

ప్రశ్న: మా బాబుకి పదిహేనేళ్లు. ఆటిజం ఉంది. బాగానే మాట్లాడతాడు, తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. ఏడాదిగా రాత్రి రెండు దాటితే గానీ పడుకోవడం లేదు. రైళ్లంటే పిచ్చి. గోదావరి ఎక్స్‌ప్రెస్ వరంగల్ చేరేదాకా ఫోన్‌లో చూసుకుంటూ గదులన్నీ తిరుగుతాడు. మావారికి ఎరువుల షాపు, పొద్దున్నే వెళ్లాలి, ఆయన నిద్ర చెడగొట్టలేను. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. అందుకని పన్నెండింటి దాకా నేను, ఆ తర్వాత ఇంటర్ రెండో ఏడాది చదివే మా పాప వాడిని చూసుకుంటాం. అమెరికాలో ఉన్న తమ్ముడు బరువు దుప్పటి (లోపల బరువు నింపి కుట్టినది, నిద్రపడుతుందని కప్పుతారు) పంపాడు. అత్తయ్య దిష్టి తీయమంటారు. ఆన్‌లైన్‌లో నిద్రకి థెరపీ ఉందని తెలిసింది, సెషన్‌కి వెయ్యి రూపాయలట. మావారు దండగ అంటున్నారు. స్క్రీన్ మీద చేసేది నమ్మొచ్చా? హైదరాబాద్ తీసుకెళ్లాలా?
ఒక తల్లి, ఖమ్మం

జవాబు: నమ్మొచ్చమ్మా. ఈ థెరపీలో నాడి పట్టుకుని చూసేదేమీ ఉండదు. మాట్లాడటం, రాసుకోవడం, ఇంట్లో అలవాట్లు మార్చుకోవడం, అంతే. కొత్త చోటంటే బెదిరే పిల్లాడికి హైదరాబాద్ ప్రయాణం కంటే తన గదిలో తన కుర్చీయే నయం. అవతలి మనిషి క్లినికల్ సైకాలజిస్టేనా, ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా, ఆటిజం పిల్లలతో పనిచేశారా అని అడిగి మరీ మొదలుపెట్టండి. అంతకంటే ముందు ఒక్కసారి పిల్లల డాక్టర్‌కి నేరుగా చూపించండి. గురక, మలబద్ధకం, కడుపులో మంట, నిద్రలో ఫిట్స్, ఐరన్ తగ్గి కాళ్లు లాగడం లాంటివి ఉంటే ముందు వాటి సంగతి చూడాలి.

మీరు అడిగినదానికి జవాబు అయిపోయింది. నాకు గుచ్చుకున్న మాట వేరే ఉంది. "ఆ తర్వాత మా పాప."

మీ పాప వయసు పిల్లలకి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. అర్ధరాత్రి రెండింటి దాకా తమ్ముడి వెనక తిరిగి, పొద్దున్నే పుస్తకాలు పట్టుకుని కాలేజీకి పోతోంది. ఆ పిల్ల ఎంతసేపు పడుకుంటుందో ఉత్తరం మొత్తంలో ఒక్క ముక్క లేదు. షాపు తీసే మనిషి నిద్ర చెడకూడదు, పరీక్షలు రాసే పిల్ల నిద్ర చెడినా ఫర్వాలేదు. ఈ లెక్క ఎవరిది? మీవారిది కాదు, ఆయన్ని మీరు అడగనే లేదు. చెడగొట్టలేనని మీకు మీరే తేల్చేసుకుని, ఆయన్ని అడగలేక పాపని అడిగారు. పాప కాదనలేదు. ఆడపిల్లలు కాదనరు, అదే మనకి అలుసు.

బాబు నిద్రకి దారి ఉంది. ముందు సరిచేసుకోవలసింది మీకూ మీ ఆయనకీ మధ్య ఉన్న ఈ మొహమాటం. ఇన్నేళ్ల కాపురం తర్వాత కన్నకొడుకు గురించి భర్తని నిద్రలేపలేకపోవడం మర్యాద కాదు, మిమ్మల్ని మీరు తక్కువ చేసుకోవడం.

పైగా ఆయన లేకుండా ఈ థెరపీ నడవదు. మొదట ఒకటి రెండు వారాలు ఎప్పుడు పడుకున్నాడు, ఎప్పుడు నిద్రపట్టింది, ఎప్పుడు లేచాడు అని రోజూ రాయిస్తారు. ఆ తర్వాత పదింటికే పడుకోబెట్టమంటారనుకుంటారేమో, మామూలుగా అలా అనరు. నిద్ర నిజంగా పట్టే వేళకే, అంటే రెండు దగ్గర్లోనే పక్క ఎక్కించమంటారు. లేచే టైం మాత్రం ఆదివారమైనా మారకూడదు. పడుకున్న కాసేపట్లోనే నిద్రపడుతోందంటే పావుగంట చొప్పున ఇంకా తొందరగా పడుకోబెట్టుకుంటూ వస్తారు. అన్నాళ్లూ రాత్రి ఒక పెద్దవాళ్లు మెలకువగా ఉండాలి, పొద్దున బాబు లేవనని గోల చేస్తే లేపడానికి ఇంకొకరు కావాలి. మీరు దుప్పటి లాగుతుంటే ఆయన "పాపం, పడుకోనీ" అన్నారంటే పదిహేను రోజుల కష్టం ఒక్క పొద్దుటితో పోతుంది.

వాడు కావాలని చేయడం లేదు. యుక్తవయసులో నిద్ర తెచ్చే మెలటోనిన్ ఒంట్లో ఆలస్యంగా ఊరుతుంది, దానికి ఆటిజం తోడైతే నిద్ర తంటాలు ఇంకా ఎక్కువ. అత్తయ్యగారు దిష్టి తీస్తానంటే తీయనివ్వండి, నష్టమేమీ లేదు. రాత్రి పదకొండుకి లైట్లన్నీ వేసి కాకుండా సాయంత్రమే కానిచ్చేయమనండి. బరువు దుప్పటితో ఆటిజం పిల్లల నిద్ర బాగుపడుతుందనడానికి ఆధారం లేదని అక్కడి నరాల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ, 2020లోనే చెప్పింది. వాడికి హాయిగా ఉంటే కప్పుకోనివ్వండి, ఎండాకాలం మాత్రం బీరువాలో పెట్టేయండి. ఖమ్మం ఎండల్లో అదొకటా! ముందు అలవాట్లు మార్చి చూడాలని, కుదరకపోతేనే మెలటోనిన్ మందుగా ఇవ్వాలని కూడా ఆ సంస్థే అంది. అదీ డాక్టర్ రాస్తేనే. ఆన్‌లైన్‌లో దొరికే మెలటోనిన్ గమ్మీలు (జెల్లీ బిళ్లలు) మీరే కొని పెట్టేయకండి.

ఫోన్ లాక్కోకండి, ఆ రాత్రి ఇంటిల్లిపాదికీ జాగారమే. రైళ్ల సంగతి థెరపిస్టుకి ముందే చెప్పండి. రాత్రి పనులన్నీ బాబు చేతే రైల్వే టైంటేబుల్‌లా రాయించొచ్చు. స్నానం ఒక స్టేషన్, పళ్లు తోముకోవడం ఒక స్టేషన్, లైటు తీయడం ఒక స్టేషన్, ఒక్కోదానికి రాక, పోక. గోదావరి ఎక్స్‌ప్రెస్ వరంగల్‌కి ఎన్నింటికి చేరిందో పొద్దున లేవగానే చూసుకోవచ్చని అందులోనే రాసుకోమనండి. లేవడానికి వాడికీ ఒక కారణం దొరుకుతుంది.

పాపకి ఈ రాత్రి నుంచే డ్యూటీ లేదు. తలుపేసుకుని పడుకోమనండి. మీవారితో అత్తయ్యగారి చేత చెప్పించకండి, ఏడుస్తూ చెప్పకండి. "వారంలో మూడు రాత్రులు మీవి, నాలుగు నావి" అని పొద్దున కాఫీ దగ్గరే చెప్పేయండి. సాయం చేయమని మాత్రం అడగొద్దు. కొడుకుని చూసుకోవడం తండ్రికి సాయం ఎలా అవుతుంది? దండగో కాదో ఒక నెల రాత్రి కాపలా కాశాక మాట్లాడమనండి.

మొదటి సెషన్ షాపు లేని పూట పెట్టించుకుని ఇద్దరూ కూర్చోండి. బాబు దగ్గర రాత్రి ఎవరు మెలకువగా ఉంటున్నారని థెరపిస్ట్ తప్పకుండా అడుగుతారు. దానికి జవాబు మీరు చెప్పకండి, ఆయన్ని చెప్పనివ్వండి.