ఒకే పాట, రెండు గొంతులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం హిప్‌హాప్ జంటల మీదే. వినేవాళ్లూ అడిగారు, రాసేవాళ్లూ అడిగారు.

ప్రశ్న: అన్నదమ్ములు మాలిస్, పుషా టీ కలిసి ‘క్లిప్స్’ పేరుతో 2025లో తెచ్చిన ‘లెట్ గాడ్ సార్ట్ ఎమ్ అవుట్’ మీద మా ఫ్రెండ్స్ మధ్య గొడవ ఇంకా తెగలేదు. పాత దెబ్బ లేదు, బీట్లు మెత్తబడ్డాయని సగం మంది అంటున్నారు. మిగతావాళ్లకు ఇదే వాళ్ల బెస్ట్. ఎవరి మాట నమ్మాలి? ఇలాంటి ఆల్బంని ఎలా వినాలి?
– ఒక పాఠకుడు, తార్నాక

జవాబు: బీట్ల గురించి మీ మిత్రుల ఫిర్యాదులో కొంత నిజం ఉంది, దానికి కారణమూ ఉంది. 2002 నాటి ‘లార్డ్ విల్లిన్’, 2006 నాటి ‘హెల్ హ్యాత్ నో ఫ్యూరీ’ రెండూ నెప్ట్యూన్స్ చేతిలో తయారయ్యాయి. నెప్ట్యూన్స్ అంటే ఫారెల్ విలియమ్స్, చాడ్ హ్యూగో ఇద్దరు. 2002లో క్లిప్స్‌కు పేరు తెచ్చిన ‘గ్రైండిన్’లో దాదాపు డ్రమ్స్ తప్ప ఇంకేం ఉండదు. కాలేజీ బెంచీ మీద పిడికిలితో, వేళ్లతో వాయించుకోగలిగే బీట్ అది. 2025 ఆల్బం మొత్తాన్ని చేసింది ఫారెల్ ఒక్కడే. తీగలు, కోరస్‌లు పెరిగాయి, ఖాళీ తగ్గింది. ఆ ఖాళీకి అలవాటుపడ్డ చెవికి ఇది మెత్తగా అనిపించడం సహజం.

అయితే జంట ఆల్బంని బీట్‌తోనే కొలిస్తే అసలు విషయం జారిపోతుంది. ఇద్దరూ పాటను ఎలా పంచుకున్నారో చూడాలి. ఈ ఆల్బంలో మొదటి పాట ‘ద బర్డ్స్ డోన్ట్ సింగ్’నే తీసుకోండి. కొద్ది నెలల తేడాలో పోయిన తల్లిదండ్రుల మీద పాట అది. పుషా టీ తన వంతంతా అమ్మ గురించి చెప్తాడు. మాలిస్ తన వంతంతా నాన్న గురించి చెప్తాడు. ఒక ఇంటి దుఃఖాన్ని అన్నదమ్ములు చెరో సగం మోశారు. ఒక్కడే పాడే రాపర్‌కి ఈ కట్టడం దొరకదు. 2002లో వీళ్లు చేయని పని ఇది. అందుకే మా ఓటు ‘బెస్ట్’ అనేవాళ్ల వైపే కాస్త మొగ్గుతుంది.

వినే పద్ధతి చెప్తాం. మొదటిసారి షఫుల్ ఆపేసి, మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా వినండి. లిరిక్స్ తెరవొద్దు. తెరిస్తే కళ్లు ముందుకు పరిగెత్తి, పంచ్ చెవిని చేరకముందే తెలిసిపోతుంది. రెండోసారి నోట్‌బుక్‌లో రెండు గడులు గీసి, ఏ గొంతు ఎన్నో సెకనులో వచ్చిందో, ఎన్ని బార్లు పాడిందో రాసుకోండి. ఒక బార్ అంటే నాలుగు దెబ్బలు. మామూలుగా ఒక్కొక్కరి వంతు 16 బార్లు. 90 బీపీఎం (నిమిషానికి 90 దెబ్బలు) బీట్ మీద అది సుమారు 43 సెకన్లు, 75 మీద 51 సెకన్లు. రాసుకుంటూ పోతే పంపకం మీకే కనపడుతుంది. చెరో 16 పాడి పక్కకు తప్పుకుంటున్నారా, నాలుగేసి బార్లు మార్చుకుంటున్నారా, ఒకరి లైన్‌ని ఇంకొకరు మధ్యలో అందుకుంటున్నారా? చెరో 16 పాడి వెళ్లిపోయే పాటలే నిండితే ఆ ఆల్బంలో ఇద్దరు ఉన్నారు గానీ జంట లేదనాలి. మూడోసారి మాటలు వదిలేసి డ్రమ్స్, బేస్ మాత్రమే వినండి.

ఇంకో జాగ్రత్త. పాత హిట్ వినేసి వెంటనే కొత్త పాట పెట్టి పోల్చకండి. ఏ ఏడాది మాస్టరింగ్ (విడుదలకు ముందు చేసే చివరి సౌండ్ సర్దుబాటు) ఆ ఏడాది వాల్యూమ్‌లో ఉంటుంది, ఎక్కువ సౌండ్ ఉన్నదే మేలని చెవి నమ్మేస్తుంది. పోల్చేటప్పుడు యాప్‌లో వాల్యూమ్ నార్మలైజేషన్ ఆన్ చేసుకోండి.

మొదటి ఆల్బంలా లేదన్న కోపం కొత్తది కాదు. అట్లాంటా జంట అవుట్‌కాస్ట్ 1994లో ఫంక్ నిండిన తొలి ఆల్బం ఇచ్చి, 1996లో ‘ఏటీఎలియన్స్’తో ప్రతిధ్వనులు, ఖాళీలు నిండిన వేరే లోకంలోకి వెళ్లిపోయింది. కొన్ని పాటల సంగీతం వాళ్లే చేసుకోవడం మొదలైంది అక్కడే. మనకు దగ్గరగా చూస్తే ఢిల్లీ జంట సీధే మౌత్ ఉంది. ప్రొడ్యూసర్ సెజ్ ఆన్ ద బీట్‌తో 2018లో ‘బయాన్’ చేశాక, మళ్లీ అతనితోనే 2022లో ‘నయాబ్’ తెచ్చారు. మన దక్కనీ చెవికి ఆ హిందీ ఇట్టే అందుతుంది. పై పద్ధతి ప్రాక్టీస్ చేయడానికి ఆ రెండూ వరసగా పెట్టుకోండి.

ప్రశ్న: కొత్త ఆల్బం నా ఇయర్‌బడ్స్‌లో వింటే బేస్ బురదలా ఉంది, ఒక రాపర్ గొంతు వెనక్కి పోతోంది. ఫ్రెండ్ కారులో వింటే బాగుంది. మిక్సింగ్ తప్పా, నా బడ్స్ తప్పా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: మిక్సింగ్‌ని తప్పుపట్టే ముందు నాలుగు చోట్ల చూడండి. యాప్‌లో, ఫోన్‌లో ‘బేస్ బూస్ట్’ లాంటి ఈక్వలైజర్ ఏదున్నా ఆపేయండి. హిప్‌హాప్‌లో 808 బేస్ (808 డ్రమ్ మెషిన్ నుంచి వచ్చిన లోతైన మోత) ఇప్పటికే 40 నుంచి 60 హెర్ట్జ్ మధ్య నిండుగా ఉంటుంది. దాన్ని ఇంకా పెంచితే అది మగ గొంతు అడుగుభాగాన్ని, అంటే 100 నుంచి 250 హెర్ట్జ్ ప్రాంతాన్ని కప్పేస్తుంది. మీరు బురద అంటున్నది అదే.

తర్వాత స్ట్రీమింగ్ క్వాలిటీ. స్పాటిఫైలో ‘లో’ అంటే 24 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు, ఎక్కువుంటే సౌండ్ మేలు), ‘వెరీ హై’ అంటే 320. డేటా సేవర్ ఆన్‌లో ఉంటే మీకు తెలియకుండానే కింద మెట్టులో ఉంటారు. మెట్రోలో సిగ్నల్ పడి లేస్తుంటుంది కాబట్టి ఇంట్లో వైఫైలోనే ‘వెరీ హై’లో డౌన్‌లోడ్ చేసుకుని బయల్దేరండి.

మూడోది బడ్స్ రబ్బరు మూత. చెవిలో గాలి దూరే సందు ఉంటే బేస్ మాయమవుతుంది, మీరు వాల్యూమ్ పెంచుతారు, గొంతులు గీసుకుపోతాయి. మూడు సైజులూ పెట్టి చూడండి. రెండు చెవులకూ ఒకే సైజు సరిపోవాలనేం లేదు.

నాలుగోది జంట ఆల్బంలకే ప్రత్యేకం. కొన్ని పాటల్లో ఒక గొంతునో, దాని వెనక అరుపులనో ఎడమకు, ఇంకోదాన్ని కుడికి జరుపుతారు. మీరు ఒక్క బడ్‌తో వింటుంటే ఒక మనిషి సగం పోయినట్టే. ఫోన్‌లో యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో ‘మోనో ఆడియో’ ఆన్ చేస్తే రెండు వైపులదీ కలిసి ఒక చెవికే వస్తుంది. అలాగే ఎడమ కుడి బ్యాలెన్స్ గీత నడిమధ్యన ఉందో లేదో చూడండి. ఎప్పుడో వేలు తగిలి జరిగి ఉంటుంది.

ప్రశ్న: పాటలో మధ్యమధ్యలో మాటలు తెగిపోతున్నాయి. ఫైల్ పాడైందా?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: పాడవలేదు. మీరు వింటున్నది బూతులు తీసేసిన క్లీన్ వెర్షన్. అదే ఆల్బం రెండు రూపాల్లో ఉంటుంది. పేరు పక్కన ఇంగ్లిష్ ‘E’ అక్షరం గుర్తున్నది అసలుది. అది కనపడకపోతే యాప్ సెట్టింగ్స్‌లో ఎక్స్‌ప్లిసిట్ కంటెంట్‌కి అనుమతి ఆగి ఉంటుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే మాత్రం దాన్ని అలాగే ఉంచండి.

ప్రశ్న: మేమిద్దరం రాప్ చేస్తాం. నేను తెలుగులో, మావాడు దక్కనీలో. మొదటి ఈపీ (నాలుగైదు పాటల చిన్న ఆల్బం) మా బస్తీలో బాగానే తిరిగింది. రెండోది రికార్డ్ చేస్తుంటే ఇద్దరి గొంతులూ ఒకేలా వినపడుతున్నాయి, నా రైమ్స్ చప్పగా ఉన్నాయంటున్నారు. ఎక్కడ తప్పుతోంది?
– ఒక పాఠకుడు, బోరబండ

జవాబు: ముందు రైమ్స్ సంగతి. తెలుగు వాక్యం క్రియతో ముగుస్తుంది. అందుకే ‘వచ్చాను, తెచ్చాను, చూశాను, రాశాను’ అని లైను చివర రైమ్ ఉచితంగా వచ్చేస్తుంది. ఉచితంగా వచ్చినదాన్ని చెవి నాలుగో లైనుకే పట్టించుకోవడం మానేస్తుంది. మందు సులువే. క్రియను లైను మధ్యలోకి తోసి, చివర నామవాచకం పెట్టండి. ‘నేను లక్డీకాపూల్‌లో దిగాను’ అనకుండా ‘బస్సు దిగాను లక్డీకాపూల్, ఫీజు కట్టక ఆగింది స్కూల్’ అని చూడండి. రెండో మాట ఏమొస్తుందో వినేవాడు ముందే ఊహించలేడు.

ఇంకా లోతుకు వెళ్లాలంటే మన దగ్గర ప్రాస ఉంది. లైను చివర కాదు, మొదట్లో రెండో అక్షరం కలవడం. పదమూడో శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు బసవపురాణం మొత్తాన్ని ద్విపదలో నడిపాడు. ద్విపద అంటే రెండు పాదాలు, ఆ రెంటినీ కట్టి ఉంచేది ప్రాస. జంటగా పాడేవాళ్లకు ఇంతకన్నా మంచి కొలత ఏముంది? ఒక లైను మీరు, దాని జవాబు లైను మీవాడు. ఇదిగో:

బస్తీల పుట్టిన పాట
మస్తుగా పేలిన మాట

మొదట ‘స్త’ కలిసింది, చివర ‘ఆట’ కలిసింది. ‘బస్’, ‘మస్’ రెండూ గురువులే కాబట్టి ప్రాస గట్టిగా తగులుతుంది. లఘువుకు ఒకటి, గురువుకు రెండు చొప్పున లెక్కపెడితే రెండు లైన్లకూ 12 మాత్రలు. ఒక లైను 12, తర్వాతిది 15 అయితే రెండో మనిషి ఊపిరి చాలక చివరి మాటను మింగేస్తాడు. పేపర్ మీద మాత్రలు లెక్కపెట్టాకే మైక్ ముందుకు వెళ్లండి. మీవాడి దక్కనీ లైనుకు కూడా ఇదే లెక్క పని చేస్తుంది. బస్తీ, మస్తీ రెండు భాషల్లోనూ ఉన్నవే కదా.

ఇక గొంతులు. ఇద్దరూ ఒకే మైక్‌కి ఒకే దూరంలో, ఒకే ఊపులో అరిస్తే ఒకేలా వినపడతారు. పాప్ ఫిల్టర్ (నోటి గాలి మైక్‌కి తగలకుండా ఆపే తెర) పెట్టి, మైక్‌కి జానెడు కన్నా కాస్త దగ్గరగా, 15 సెంటీమీటర్ల దూరంలో ఒకరు నిలబడండి. రెండోవారు 20కి జరగండి. దగ్గరి గొంతు బరువుగా, దూరపుది పలుచగా పడుతుంది. ఎవరి గొంతు సహజంగా లావుగా ఉందో వాళ్లనే దగ్గర ఉంచండి. తలుపులు మూసి, ఫ్యాన్, కూలర్ ఆపేయండి. వెనక గోడకు, పక్క గోడకు రజాయి వేలాడదీయండి. గోడ నుంచి తిరిగొచ్చే చప్పుడు రెండు గొంతులకూ ఒకే గది వాసన అంటిస్తుంది, తర్వాత ఏ ప్లగిన్‌తోనూ (సౌండ్ సర్దే సాఫ్ట్‌వేర్‌తోనూ) అది పూర్తిగా పోదు. రికార్డింగ్ 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో పెట్టి, గొంతు గరిష్ఠంగా మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా గెయిన్ తగ్గించుకోండి. అరుపు దగ్గర ఎర్ర లైట్ వెలిగిందంటే ఆ టేక్ పనికిరాదు.

మిక్స్‌లో ఇద్దరికీ 80 హెర్ట్జ్ కింద కోసేయండి. లావు గొంతులో 300 హెర్ట్జ్ దగ్గర 2, 3 డెసిబెల్స్ తగ్గించండి. పలుచని గొంతుని ముట్టుకోవద్దు. ప్రతి లైనుకూ డబుల్ (అదే లైను మళ్లీ పాడి దాని మీదే పరచడం) వేస్తారు చాలామంది, గొంతులు కలిసిపోవడానికి అదే పెద్ద కారణం. లైను చివరి రెండు మాటలకే డబుల్ వేయండి. ఒకరు పాడుతున్నప్పుడు వెనక ‘అరే’, ‘హౌ’, ‘చల్’ అనేది రెండోవారే అనాలి. ఆ అరుపులు అసలు గొంతుకన్నా 8 నుంచి 10 డెసిబెల్స్ తక్కువలో, కొంచెం పక్కకు ఉండాలి. అప్పుడే పాట మొత్తంలో ఇద్దరూ ఉన్నట్టు తెలుస్తుంది. అసలు గొంతు మాత్రం ఎవరిదైనా నడిమధ్యనే ఉంచండి.

ప్రశ్న: పాత తెలుగు సినిమా పాటలోంచి ఏడెనిమిది సెకన్ల ముక్క బీట్‌లో వాడితే తప్పులేదంటారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, మలక్‌పేట

జవాబు: కాదు. ఇన్ని సెకన్ల దాకా ఫ్రీ అని మన కాపీరైట్ చట్టంలో ఎక్కడా లేదు. ముక్క వాడాలంటే రెండు అనుమతులు కావాలి: రికార్డింగ్ ఎవరిదో వాళ్లది ఒకటి, బాణీ, సాహిత్యం హక్కులున్నవాళ్లది ఒకటి. రికార్డింగ్ మీద హక్కు విడుదలయ్యాక 60 ఏళ్లు ఉంటుంది. బాణీ, సాహిత్యాల మీద ఆ మనిషి పోయాక 60 ఏళ్లు. ఘంటసాల 1974లో పోయారు, అంటే ఆయన కట్టిన బాణీల మీద హక్కు 2034 చివరిదాకా ఉంటుంది. రికార్డు పాతదై రికార్డింగ్ హక్కు తీరినా బాణీ హక్కు తీరదు. మొదటి రికార్డింగ్ అయ్యి ఐదేళ్లు దాటాక కవర్ వెర్షన్ చేసుకోవడానికి చట్టం ఇచ్చిన వెసులుబాటు కూడా శాంప్లింగ్‌కి వర్తించదు. మీ వీధిలో డప్పు వాయించేవారిని కూర్చోబెట్టి, డబ్బిచ్చి, ఒప్పందం కాగితం రాసుకుని రికార్డ్ చేసుకోండి. మీ బీట్‌కి ఇంకెవరి దగ్గరా లేని చప్పుడు వస్తుంది.

ప్రశ్న: కొత్త ఆల్బం కోసం మా మేడ మీద పాతిక మందితో లిజనింగ్ పార్టీ పెడుతున్నాం. ఏం చూసుకోవాలి?
– ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ కూడదు. నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెల్స్. మామూలుగా మాట్లాడుకునే చప్పుడే దాదాపు అంత ఉంటుంది కాబట్టి పక్కింటివాళ్లకు ముందే చెప్పండి. సాయంత్రం ఆరున్నరకు మొదలుపెడితే ఆల్బం రెండుసార్లు తిప్పినా తొమ్మిదికి అయిపోతుంది. స్పీకర్లను పిట్టగోడ మూలన పెట్టకండి, బేస్ మూలలో పేరుకుని మోతగా మారుతుంది. మూల నుంచి కనీసం మీటరు ఇవతల, కూర్చున్నవాళ్ల చెవి ఎత్తులో పెట్టండి. క్రాస్‌ఫేడ్ ఆపేయండి, లేకపోతే ఒక పాట చివరి మాట మీద తర్వాతి పాట ఎక్కేస్తుంది. ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి బ్లూటూత్ బదులు వైర్‌తో కలపండి, కాల్ వచ్చి ఆగిపోదు. అందుకోసం ఆల్బంని ముందే డౌన్‌లోడ్ చేసి ఉంచుకోండి.

ఇంట్లో మిత్రులతో, టికెట్ లేకుండా వినడానికి లైసెన్సు అక్కర్లేదు. అదే కేఫ్‌లో పెడితే రికార్డింగ్ హక్కుదారుల లైసెన్సు, బాణీ, సాహిత్యాల తరఫున ఐపీఆర్‌ఎస్ (స్వరకర్తలు, రచయితల హక్కులు చూసే సంఘం) లైసెన్సు కావాలి. అవి ఉన్నాయో లేదో కేఫ్ యజమానిని అడిగి, కాగితం చూశాకే అడ్వాన్స్ ఇవ్వండి.