ముగ్గేసిన పిల్లాడు, ‘ఒరేయ్’ అని పిలిపించుకున్న అమ్మాయి

ప్రశ్న: ముగ్గురు అక్కల తర్వాత పుట్టాను. చిన్నప్పుడు వాళ్ళతో కలిసి ముగ్గులేసేవాణ్ణి. బాబాయి అందరి ముందూ ‘ఆడంగి వెధవ’ అనేవాడు. ఒకసారి నాన్న బెల్టుతో కొట్టారు. ఇప్పుడు నాకు 34. మీటింగులో నోరు తెరిస్తే చేతులెలా తిప్పుతున్నానా, గొంతు సన్నగా వస్తోందా అన్నదే ధ్యాస. వీడియో చూసి ‘ఇన్నర్ చైల్డ్ వర్క్’ (మనలో మిగిలిపోయిన చిన్నప్పటి పిల్లాణ్ణి ఊహలో పలకరించి ఓదార్చే సాధన) చేశాను. కళ్ళు మూసుకుని బెల్టు దెబ్బల రోజు గుర్తు చేసుకున్నాను. రెండు రాత్రులు నిద్రలేదు. ఇది నాకు పడదా?
– పేరు వద్దన్నారు, గుంటూరు జిల్లా

జవాబు: పడకపోవడం కాదు, మొదలుపెట్టిన చోటే తప్పు. అన్నిటికంటే పెద్ద గాయంలోకి ఒంటరిగా, కళ్ళు మూసుకుని వెళ్ళారు. జ్ఞాపకాలకు సున్నా నుంచి పది దాకా బాధ మార్కులు వేయండి. మూడు, నాలుగు వచ్చేవే ఇంట్లో చేసుకోదగ్గవి. బెల్టు రోజును పక్కన పెట్టి, బాబాయి అన్న ఒక్క మాటను తీసుకోండి.

పడుకునే ముందు వద్దు, పగలు చేయండి. ఇరవై నిమిషాలకు అలారం పెట్టుకుని, పాదాలు నేలకు ఆనించి, కళ్ళు తెరిచే కూర్చోండి. ఆ దృశ్యం ఇప్పుడే జరుగుతున్నట్టు కాగితం మీద రాయండి: వాకిట్లో ఎవరున్నారు, పిల్లాడి చేతికి ముగ్గుపిండి ఎక్కడిదాకా అంటింది, ముగ్గు ఎంతవరకు వచ్చింది. బాబాయి నోరు తెరిచే క్షణంలో ఆపేసి, 34 ఏళ్ళ మిమ్మల్ని ఆ వాకిట్లోకి తీసుకురండి. ముందు మాట్లాడాల్సింది పిల్లాడితో కాదు, బాబాయితో. ‘ఆపండి. వాడు ముగ్గేస్తున్నాడు, తప్పేమీ చేయట్లేదు.’ భయపెట్టే మనిషి ఎదురుగా ఉండగా ‘నిన్ను ప్రేమిస్తున్నాను’ అని ఎంత చెప్పినా ఆ పిల్లాడి చెవికెక్కదు. చాలామంది ఈ వరుస తప్పడం వల్లే ఏడ్చి ఏడ్చి అలసిపోతారు తప్ప తేలికపడరు. బాబాయి పక్కకు తప్పుకున్నాకే పిల్లాణ్ణి అడగండి, ఏం కావాలని. జవాబు చాలా చిన్నది కావచ్చు, ముగ్గు పూర్తయ్యేదాకా పక్కన కూర్చోమని అనవచ్చు. కూర్చోండి.

ఇక్కడే ఒక చిక్కు ఎదురవుతుంది. ఆ పిల్లాణ్ణి చూస్తే జాలికి బదులు చిరాకు పుడుతుంది. ‘కాస్త మగాడిలా ఉండొచ్చుగా’ అనిపిస్తుంది. అది బాబాయి గొంతే, మీ నోట పలుకుతోంది. బలవంతాన ప్రేమ తెచ్చుకోకండి. ఆ వాక్యాన్ని రాసి, పక్కన ‘ఇది మొదట అన్నది ఎవరు?’ అని రాయండి. అప్పటికీ మీరు ఆ దృశ్యంలోకి వెళ్ళలేకపోతే ఊహలోనే మీ తరఫున అమ్మమ్మనో, మంచి టీచర్నో పంపండి. పిల్లాడి జవాబును ఎడమచేత్తో రాయాలని కొందరు చెబుతారు. నచ్చితే రాయండి, తప్పనిసరేం కాదు.

అలారం మోగగానే ఆపేయండి. చల్లని నీళ్ళతో ముఖం కడుక్కుని, గదిలో కనిపించే ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పి, గిన్నెలు కడగడం లాంటి పని పెట్టుకోండి. వారానికి రెండుసార్లు చాలు. ఆ వారంలోనే ఒక మీటింగులో ఒక్క వాక్యం, చేతులు కట్టేసుకోకుండా మాట్లాడండి. ఇది లేకపోతే మొత్తం సాధన నోటుబుక్కు దాటదు.

చుట్టూ ఏం జరుగుతోందో తెలియనంత మొద్దుబారినా, చచ్చిపోవాలనిపించినా ఒంటరిగా కొనసాగించకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. బెల్టు రోజు మాత్రం క్లినికల్ సైకాలజిస్టు దగ్గరే. ‘ఇమేజరీ రీస్క్రిప్టింగ్’ (బాధపెట్టే జ్ఞాపకాన్ని ఊహలో తిరగరాసే చికిత్స) చేస్తారా అని అడగండి. పైన చెప్పిన పద్ధతి దాన్నుంచి తీసుకున్నదే.

ముగ్గులంటే ఇష్టమైనంత మాత్రాన మీరెవరో తేలదు. ఆ పిల్లాణ్ణి కూర్చోబెట్టి విచారించకండి. ‘ఆడతనం పోగొడతాం’ అనే వాళ్ళ గడప తొక్కకండి. అలాంటి ‘కన్వర్షన్ థెరపీ’ చేయడం డాక్టర్లకు వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే తేల్చింది.

ప్రశ్న: నేను మూడో ఆడపిల్లని. ‘మగపిల్లాడనుకుంటే ఇది పుట్టింది’ అనేవారు. పదకొండేళ్ళదాకా క్రాపు, చొక్కా, నిక్కరు. ‘ఒరేయ్’ అనే పిలుపు. సైకిలు మీద ఊరంతా తిరిగేదాన్ని. పెద్దమనిషి కాగానే ఓణీ కట్టించి ఇంట్లో కూర్చోబెట్టారు. ఇందులో నాది ఏదో నాకిప్పటికీ తెలియదు. అమ్మకు 70. నిలదీయాలా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: మీ లోపల ఇద్దరున్నారు, వాళ్ళ బాధలు వేరు. ఎనిమిదేళ్ళ పిల్లకు సైకిలుంది గానీ, ‘నువ్వొద్దు’ అన్న మాట కూడా ఉంది. పన్నెండేళ్ళ పిల్ల చేతిలోంచి ఆ సైకిలే లాగేశారు. ఆ ఇద్దరికీ ఇప్పటి మీరు ఉత్తరాలు రాయండి. ఒకే ఉత్తరంలో ఇద్దరినీ ఓదార్చబోతే రెండో పిల్ల మాట వినపడదు. విడివిడిగా రాయండి, వేర్వేరు రోజుల్లో.

తర్వాత రెండు వరుసలు గీయండి. ఒకదానిలో మీకు తొడిగినవి, రెండోదానిలో మీకు హాయిగా అనిపించినవి. సైకిలు రెండింటిలోకీ రావచ్చు, రానివ్వండి. క్రాపు తొడిగిందే అయినా మీకు నిజంగా నచ్చి ఉండవచ్చు.

అమ్మను నిలదీస్తే చాలాసార్లు వచ్చేది ఏడుపో, ‘మేమేం తక్కువ చేశాం’ అన్న మాటో. మూడో ఆడపిల్లను కన్నందుకు ఆవిడ కూడా అత్తగారి చేత మాటలు పడి ఉండవచ్చు. అది అర్థమైనా మీ బాధ చిన్నదైపోదు, క్షమించాలన్న గడువూ లేదు. అడగాలనుకుంటే సంజాయిషీ కాకుండా సంగతి అడగండి: ‘నా జుట్టు కత్తిరించమన్నది ఎవరమ్మా?’ ఆవిడ తప్పించుకుంటే ఆ రోజుకు వదిలేయండి. మీ ఉత్తరాలు మాత్రం ఆవిడకు చూపించకండి, అవి ఆవిడ కోసం రాసినవి కావు.