లాడ్జిల రూమ్ తీస్కునే ముందు ఏం చూస్కోవాలె? పాఠకుల ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: అక్కా, మాది జగిత్యాల దగ్గర ఊరు. మా బిడ్డకి హన్మకొండల ఎగ్జామ్ సెంటర్ పడ్డది, పొద్దుగాల 7:30 కే రమ్మన్నరు, అందుకే ముందురోజు సాయంత్రమే పోయి బస్టాండ్ దగ్గర లాడ్జిల ఉందామనుకుంటున్నం. మా ఆయన గల్ఫ్ ల ఉంటడు, మేమిద్దరం ఆడోళ్లమే. రూమ్ లల్ల కెమెరాలు పెడ్తరని అందరు భయపెడ్తున్నరు, ఎట్ల కనిపెట్టాలె?
- ఒక తల్లి, జగిత్యాల జిల్లా

జవాబు: కెమెరా సంగతి చెప్త చెల్లె, కానీ ముందు తలుపు సంగతి చూడు. నాకు వచ్చే ఉత్తరాలల్ల అందరు కెమెరా గురించే అడుగుతరు, గడియ సక్కగ పడ్తదా లేదా అని అడిగినోళ్లు లేరు.

పైసలు కట్టకముందే రూమ్ చూపియ్యమని అడుగు, మొహమాటమే వద్దు, చూపియ్య అన్నడంటె బ్యాగ్ పట్టుకోని బయటికొచ్చెయ్, హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల లాడ్జిలకేం కరువు లేదు. లోపలికి పోయినంక ఏసీ, టీవీ తర్వాత, ఫస్టు తలుపు మూసి గడియ పెట్టి గట్టిగ గుంజి చూడు. పాత లాడ్జిలల్ల గడియ మంచిగనే ఉంటది గానీ దర్వాజకున్న క్లాంపు ఊగుతుంటది, నాలుగు స్క్రూలు ఉండాల్సిన కాడ రెండే ఉంటయ్, అది బయటికెల్లి ఒక్క తోపుకే ఊడొస్తది. పక్క రూమ్ లకి మధ్య తలుపు ఉన్నదా, ఉంటె మనవైపు గడియ ఉన్నదా? బాత్రూమ్ వెంటిలేటర్ కారిడార్ వైపు తెరుసుకుంటె ఆ రూమే వద్దను, ఎందుకంటె ఫోన్ పట్టుకోని చెయ్యి పైకి పెడ్తె అయిపాయె, గోడలో కెమెరా దాచాల్సిన అవసరమే ఉండదు.

ఇగ కెమెరా. మంచానికి, బాత్రూమ్ కి ఎదురుంగ ఉన్న వస్తువులు చూడు: గడియారం, సెట్ టాప్ బాక్స్, ఎవరో మర్చిపోయినట్టు ప్లగ్ కి ఉన్న ఛార్జర్, సీలింగ్ మీద స్మోక్ డిటెక్టర్. లైట్లన్ని ఆర్పి ఫోన్ సెల్ఫీ కెమెరా పెట్టి తిప్పితె చీకట్ల పనిచేసే కొన్ని కెమెరాల లైటు చుక్కలెక్క కనపడ్తది, కానీ అన్నీ దొరుకుతయ్ అని కాదు. అద్దం మీద వేలు పెట్టి చూస్తె తెలుస్తదని వాట్సాప్ ల తిరిగేది మాత్రం నమ్మకు, రూమ్ చీకటి చేసి ఫోన్ టార్చి అద్దానికి ఆనిచ్చి చూస్తె వెనక ఖాళీ ఉంటె తెలుస్తది. ఏదన్న దొరికితె పీకకు, ముట్టకు, ఫోటో తీసి బయటికొచ్చి 112 కి కొట్టు. భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద మొదటిసారికే 1 నుంచి 3 ఏండ్ల దాకా జైలు ఉంటది, మేనేజర్ రాజీ మాట్లాడుదాం అన్నా వినకు.

రాత్రి ఎవరన్న తలుపు కొట్టి "వాటర్ బాటిల్ మేడమ్" అంటె రిసెప్షన్ కి ఫోన్ చేసి అడిగినంకనే తియ్. ఇంకో ముచ్చట, దీన్ని ఎవరు పట్టించుకోరు: మెట్లు ఎటున్నయ్, రెండో దారి ఉన్నదా, దానికి తాళం ఏసిన్రా? 2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్ ల ఒక లాడ్జి కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్ అంటుకుంటె 8 మంది చనిపోయిన్రు, పొగ మెట్ల మీదికెల్లి పైకి ఎక్కింది, దిగే దారే లేకుండ అయింది. అందుకే మొదటి, రెండో అంతస్తుల్నే అడుగు, కింద బ్యాటరీల దుకాణమో గ్యాస్ పొయ్యిల హోటలో ఉంటె ఇంకో లాడ్జి చూస్కో. బాత్రూమ్ ల గ్యాస్ గీజర్ ఉంటె కిటికీ తెరిచే స్నానం చెయ్యాలె, మూస్తె వచ్చే విష గ్యాస్ (కార్బన్ మోనాక్సైడ్) కి వాసన కూడ ఉండదు.

ప్రశ్న: లాడ్జి వాళ్లు ఆధార్ ఫోటో వాట్సాప్ ల పెట్టమంటున్నరు. పెట్టొచ్చా?
- కాజీపేట

జవాబు: ఐడీ చూపియ్యాలె, అది తప్పదు, కానీ ఆధారే కావాలని లేదు, ఓటర్ కార్డో డ్రైవింగ్ లైసెన్సో ఇస్తం అను. ఆధారే కావాలంటె మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేస్కో, దాంట్ల చివరి 4 అంకెలే కనపడ్తయ్. జిరాక్స్ ఇస్తె దాని మీద లాడ్జి పేరు, తారీఖు రాసి ఇయ్యి.

ప్రశ్న: శ్రీశైలంల రూమ్ కోసమని గూగుల్ ల దొరికిన నంబర్ కి 2,000 అడ్వాన్స్ కొట్టిన, ఇప్పుడు ఫోన్ ఎత్తుతలేడు.
- ములుగు

జవాబు: ఇది చదివేటప్పటికే ఆలస్యం అయిందేమో గానీ తమ్మీ, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇయ్యి, బ్యాంకు వాళ్లకి చెప్పు, ఎంత తొందరగ చెప్తె పైసలు ఆపే అవకాశం అంత ఎక్కువ. దేవస్థానం రూమ్ లని నకిలీ సైట్లు బాగ తిరుగుతున్నయ్, దేవస్థానం అసలు సైట్ లనే బుక్ చెయ్యాలె. ఇంకోటి, ఆ నంబర్ నుంచి రెండ్రోజులకి మళ్ల ఫోన్ రావచ్చు, రిఫండ్ ఇస్తం ఈ క్యూఆర్ స్కాన్ చెయ్యి అంటడు. పైసలు మనకి రావడానికి పిన్ కొట్టే పనే ఉండదు, కొట్టినవంటె ఈ 2,000 తోటి అయిపోదు.