‘636 మీటర్లే’ కదా అని...

ప్రశ్న: అక్టోబరు చివర్లో మాంచెస్టర్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాను. పీక్ డిస్ట్రిక్ట్‌లో కిండర్ స్కౌట్ అనే కొండ ఉందని, పొద్దున రైలెక్కితే సాయంత్రానికి ఎక్కి దిగి వచ్చేయవచ్చని అంటున్నాడు. నాకు 56 ఏళ్లు. రోజూ గంట నడుస్తాను. ఎత్తు 636 మీటర్లేనట. నేను వెళ్లగలనా? స్పోర్ట్స్ షూ సరిపోతాయా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఆ ‘లే’ దగ్గరే ఉందండీ తిరకాసు. మొదటిసారి నేనూ అలాగే అనుకుని వెళ్లాను.

ఎక్కడం మీకు కష్టం కాదు. ఈడేల్‌లో రైలు దిగి, ఊళ్లోకి నడిస్తే ఓల్డ్ నాగ్స్ హెడ్ అనే పబ్ వస్తుంది. స్కాట్లాండ్ దాకా 268 మైళ్లు సాగే పెన్నైన్ వే అనే నడకదారి మొదలయ్యేది అక్కడే. పొలాల మీదుగా అప్పర్ బూత్ చేరి, వాగు మీది చిన్న రాతి వంతెన దాటితే జేకబ్స్ లాడర్. నిచ్చెన అన్నది పేరుకే, ఉన్నవి రాతిమెట్లు. ఆయాసం వస్తే ఆగండి, గొర్రెలు తప్ప చూసేవాళ్లుండరు. దారిలో గేటు తీసినవాళ్లే వేయాలి.

అసలు పరీక్ష పైన. కొండకి శిఖరమంటూ కనబడదు, ఉన్నదంతా నల్లటి పీట్ నేల, అంటే మొక్కలు కుళ్లి ఏర్పడిన మెత్తటి నేల. వాన నీళ్లు కోసిన కాలువల్లో దిగితే మనిషి తల కూడా పైకి కనబడదు. ‘కిండర్ లో’ అనే చోట సర్వే స్తంభం ఉంటుంది, అది 633 మీటర్లు. మిగతా మూడు మీటర్ల కోసం ఆ బురదలో వెతకడం శుద్ధ దండగ. ఒకసారి అక్కడే పొగమంచు కమ్మింది. అరగంట నడిచాక బురదలో గుండ్రటి గుంటలు కనిపించాయి. ఎవరో ముందు వెళ్లారని సంబరపడ్డాను. తీరా చూస్తే నా చేతికర్ర పొడిచినవే!

మబ్బు లేకపోతే మాత్రం కొండ దక్షిణపు అంచు పట్టుకుని తూర్పుకి నడవండి. ఊల్ ప్యాక్స్ దగ్గర గాలి చెక్కిన బండరాళ్లు గొర్రెల మందలా పడుకుని ఉంటాయి. నాకు కొండంతటిలో నచ్చేది ఆ చోటే. తర్వాత గ్రైండ్‌స్లో నోల్ అనే గుట్ట మీదుగా ఈడేల్‌కి దిగవచ్చు. ఆ దిగుడు మోకాళ్లని పిండుతుంది, రెండు కర్రలుంటే మేలు. మొత్తం ఓ తొమ్మిది మైళ్లు, మీ నడకకి ఆరేడు గంటలు. అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరుపుతారు, ఆ తర్వాత అయిదింటికే చీకటి. తొమ్మిదిన్నరలోపు నడక మొదలుపెట్టండి.

ఈ కొండ మీద ఒకప్పుడు అడుగు పెట్టనిచ్చేవారు కాదు. వేటపక్షుల కోసం భూస్వాములు కాపలా పెట్టేవారు. 1932 ఏప్రిల్ 24న వందల మంది కుర్రాళ్లు కావాలనే చొరబడితే, అయిదుగురిని జైల్లో వేశారు.

స్పోర్ట్స్ షూ వద్దు. నాదొకటి బురదలో ఉండిపోతే కాలొక్కటే పైకి వచ్చింది. చీలమండ దాటే బూట్లు కొని, వారం ముందునుంచే ఇంట్లో తొడుక్కుని తిరగండి. ఫోన్‌ని నమ్ముకోకండి, ఓఎల్1 మ్యాపు (ఈ ప్రాంతపు నడకదారులు చూపేది), కంపాస్, టార్చ్, వాన కోటు మీవాడి సంచిలో ఉండాలి. ఆపద వస్తే 999కి చేసి పోలీసుల్ని అడిగి, మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పాలి.

జేకబ్స్ లాడర్ పైకి చేరేసరికి ముందు దారి కనిపించకపోతే అక్కడినుంచే వెనక్కి తిరగండి. మీవాడు ‘ఇంకాస్త వెళ్దాం’ అంటే, నెపం మీ మోకాలి మీదకి నెట్టేయండి.