లాబ్రడార్ కావాలన్న మనవడికి

అబ్బయ్యా,

మొన్న ఆదివారం ఫోన్లో నువ్వు కుక్కపిల్ల గురించి చెబుతుంటే, వెనకనుంచి మీ అమ్మ "అమ్మా, నువ్వైనా చెప్పు వాడికి" అంది. నువ్వేమో "అమ్మమ్మా, నువ్వైనా చెప్పు అమ్మకి" అన్నావు. ఇద్దరికీ ఊఁ కొట్టి ఫోన్ పెట్టేశాను. అందుకే ఈ ఉత్తరం. ఫోన్లో అయితే మధ్యలో అడ్డం పడతావు నువ్వు.

పదో తరగతి పరీక్షలు అయిపోగానే లాబ్రడార్ పిల్లని కొంటావు. పండగలకి ఇచ్చిన డబ్బులు పన్నెండు వేలు దాచావు. అన్నం పెట్టడం, బయట తిప్పడం, అన్నీ నువ్వే చూసుకుంటావు. ఇంతే కదా? నీ మాట మీద నమ్మకం లేక కాదు నాయనా. 1996లో మీ మామయ్య ఇదే ఇంట్లో, ఈ కావలిలోనే, అచ్చం ఇదే మాట నాతో అన్నాడు.

వాడు తెచ్చిన కుక్క జిమ్మీ సంగతి నీకు సగమే తెలుసు. వాడి చేతుల్లో ఉన్న ఆ ఫొటోనే నువ్వు చూశావు. పరీక్షలైన వారానికి ఎవరి గొడ్లపాకలోనుంచో ఎర్రమచ్చల పిల్లని చొక్కాలో పెట్టుకుని తెచ్చాడు. ఎండాకాలం రెండు నెలలూ దాన్ని దించితే ఒట్టు. జూన్‌లో ఇంటర్‌కి నెల్లూరు హాస్టల్లో చేరాడు. అక్కణ్ణుంచి ఇంజనీరింగ్‌కి మద్రాసు, ఉద్యోగానికి బెంగళూరు. జిమ్మీ 2009లో పోయింది. లెక్క చూసుకో, రెండు నెలలు వాడిది, పదమూడేళ్లు నాది. ప్రేమ లేదని కాదు, ఫోన్ చేస్తే మొదట అడిగేది దాన్నే. ముద్దు చేసింది వాడు, అది కింద చేసింది ఎత్తింది నేను.

ఆ పదమూడేళ్లలో నేను తిరుపతి వెళ్లి ఒక రాత్రి నిద్ర చేసి వచ్చింది రెండుసార్లే. దాన్ని ఎవరికి అప్పజెప్పను? పక్కింటివాళ్లు ఒకపూట పెడతారు, రెండో పూట మొహం మాడ్చుకుంటారు. చివరి ఏడాది దానికి కళ్లు కనపడక గోడలకి తగులుకునేది. రాత్రిళ్లు లేచి బయటికి తీసుకెళ్లేదాన్ని.

ఇంకొకటి మీ మామయ్యకి కూడా సరిగ్గా తెలియదు. 1998లో అది ఎదురింటి పిల్లాడి పిక్క పట్టుకుంది. దానికి టీకా వేయించాలన్న జ్ఞానం మాకప్పుడు లేదు. ఆ రోజుల్లో కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ రోజుకొకటి చొప్పున పద్నాలుగు సూదులు. ఆ పిల్లాణ్ణి చంకనేసుకుని పద్నాలుగు రోజులూ ఆసుపత్రికి తిరిగింది నేనే. వాడు ఏడుస్తుంటే నాకూ ఏడుపే. వాళ్లమ్మ నాతో మళ్లీ మాట్లాడటానికి ఏడాది పట్టింది. ఇప్పుడు సూదులు చేతికే, కరిచిన రోజు, మూడో రోజు, ఏడో రోజు, అలా కొన్ని డోసులతో పోతుంది. జబ్బు మాత్రం మారలేదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు లేదు. కరిచినా గీరినా మొదట సబ్బు పెట్టి పారే నీళ్ల కింద పావుగంట కడిగి, ఆ తర్వాత ఆసుపత్రికి పరిగెత్తాలి. నువ్వు కుక్కని పెంచినా పెంచకపోయినా ఇది గుర్తుపెట్టుకో.

ఇక డబ్బు. కొనే ధర అన్నిటికంటే చిన్న ఖర్చు అబ్బయ్యా. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో టీకాలు మొదలుపెడితే, నాలుగు నెలలు నిండేదాకా మూడు నాలుగు వారాలకొకటి వేయించాలి. పార్వో అనే అంటుజబ్బు వస్తే చిన్నపిల్ల రక్తవిరేచనాలతో రెండు మూడు రోజుల్లోనే పోవచ్చు. అందుకే టీకాలు పూర్తయ్యేదాకా వీధి కుక్కలు తిరిగేచోట దింపకూడదు. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా, ఆ తర్వాత ఏటా ఒకటి. జూలై 6న పశువుల ఆసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు, మిగతావి కొనుక్కోవాలి. కడుపులో పురుగులకి మందు, గోమార్లకి మందు, ఆడదైతే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్. లాబ్రడార్ పెద్దదయ్యాక ముప్పై కిలోలు తూగుతుంది. సంచుల్లో వచ్చే మేత మంచిది కొంటే నెలకి వేలల్లోనే అవుతుంది. నీ పన్నెండు వేలు పిల్లకే పోతే, ఆ తర్వాత నెలనుంచి ఎవరి జేబు?

ఇంట్లో మిగిలిందే పెడతానంటావేమో. మన చేపల పులుసులో ఉల్లిపాయే సగం. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తాన్ని పాడుచేస్తాయి. ద్రాక్షపళ్లు, చాక్లెట్ కూడా పడవు. ఉడికిన ఎముక చీలికలై గొంతులో గుచ్చుకుంటుంది. జిమ్మీ పులుసన్నం తినే బతికింది కదా అనకు, బొమ్మిడాయి ముల్లు ఇరుక్కుని ఒకసారి చావుదాకా వెళ్లొచ్చింది.

అసలు ఆ జాతే నాకు నచ్చలేదు. అది చలిదేశంలో చన్నీళ్లలో ఈదడానికి పుట్టింది, ఒంటినిండా రెండు పొరల బొచ్చు. మన రోహిణి కార్తెలో నెల్లూరులో, మూడో అంతస్తులో, పొద్దుటినుంచి సాయంత్రం దాకా తాళం వేసిన ఇంట్లో అది ఏం చేస్తుంది? కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పడమే దాని ఫ్యాను. పెంచాలనే ఉంటే మన ఊరకుక్క పిల్లని తెచ్చుకో. ఆడ కుక్కపిల్లని ఎవరూ తీసుకోరు, దాన్ని తెచ్చుకో.

అయినా నా అసలు బెంగ డబ్బూ కాదు, జాతీ కాదు. మీ అమ్మ. పొద్దున్నే లేచి మీ ఇద్దరికీ క్యారేజీలు కట్టి, ఎనిమిదింటికి స్కూలుకి పరిగెత్తి, ఆరింటికి ఇల్లు చేరుతుంది. నువ్వు హాస్టల్‌కి పోయిన మర్నాడు ఆ కుక్క ఎవరి మొహం చూస్తుంది? అది నా కూతురు నాయనా. నేను పడింది అది పడటం నాకిష్టం లేదు. అందుకే నిన్ను ఒక్కటే అడుగుతాను, ఇంటర్ ఎక్కడ? హాస్టలైతే ఈ మాట ఇక్కడితో వదిలెయ్. ఇంట్లోనే ఉండి రోజూ కాలేజీకి వెళ్లివచ్చేదైతే, అప్పుడు మీ అమ్మని నేను ఒప్పిస్తాను. కానీ ఉత్తినే ఒప్పించను.

మా వీధిలో ఒక గోధుమరంగు కుక్క ఈనింది, నాలుగు పిల్లలు. ఏప్రిల్లో నువ్వొచ్చేసరికి రెండు నెలలు నిండుతాయి, తల్లిని విడిచి ఉండగలవు. అందులో ఒకదాన్ని మన వసారాలో పెడదాం. నెలరోజులు నీదే పని. అయిదింటికి లేచి బయట తిప్పడం, ఉచ్చ తుడవడం, పశువుల ఆసుపత్రికి మోసుకెళ్లి లైన్లో నిలబడటం. నేను మంచం మీద కూర్చుని చూస్తుంటా, చెయ్యి వెయ్యను. అయిందానికీ కానిదానికీ "అమ్మమ్మా" అన్నావంటే లెక్క రాసుకుంటా. నెలయ్యాక నీకు వద్దనిపిస్తే సిగ్గుపడకు, అది ఇక్కడే ఉంటుంది. పదమూడేళ్లు చేసినదాన్ని, ఇంకొకటి నాకు బరువు కాదు.

వచ్చేటప్పుడు పాత చెప్పులు వేసుకునిరా, కొత్తవి మీ అమ్మకిచ్చి దాచమను. పళ్లు వచ్చే వయసు, రెండ్రోజుల్లో నమిలేస్తుంది.

ఇట్లు,
మీ అమ్మమ్మ