జారింది కనుబొమ్మా, వదులైంది రెప్పా?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. కనుబొమ్మలు జారి ఎప్పుడూ నిద్రమొహంతో ఉన్నట్టు కనిపిస్తున్నాను. ముందువైపు జుట్టు బాగా పలచబడింది. బ్రో లిఫ్ట్ (కనుబొమ్మల్ని పైకెత్తే సర్జరీ) చేయించుకుంటే మచ్చ కనబడుతుందా? పైరెప్ప చర్మం తీయించుకుంటే సరిపోదా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: రెండో ప్రశ్న ముందు తేల్చుకుందాం. అద్దం ముందు కూర్చుని కళ్లు మూసుకోండి. నుదురు పూర్తిగా వదులు చేసి, ముడతలు పడనీయకుండా మెల్లగా కళ్లు తెరవండి. కంటిగూటి పై అంచు ఎముక వేలికి తగులుతుంది. కనుబొమ్మ దానికంటే దిగువన ఉంటే జారినట్టే. దాన్ని వేలితో ఎముక మీదికి జరిపి చూడండి. రెప్ప మీది మడత పోయిందంటే లోపం బొమ్మదే. అప్పుడు రెప్ప చర్మం ఒక్కటే తీస్తే బొమ్మ ఇంకా దిగొచ్చు. చూపుకు అడ్డం రాకుండా నుదుటి కండరం ఇన్నాళ్లూ దాన్ని ఎత్తిపట్టి ఉంచింది. ఆ అవసరం తీరగానే సడలిపోతుంది.

ఇక మచ్చ సంగతి. ఈ చెవి నుంచి ఆ చెవి దాకా తల మీద కోసే పాత పద్ధతి పలచటి జుట్టున్న మీకు అస్సలు వద్దు. సన్నటి కెమెరా గొట్టంతో చేసే ఎండోస్కోపీ పద్ధతిలో జుట్టు లోపల సుమారు 2 సెంటీమీటర్ల గాట్లు 3 నుంచి 5 పెడతారు. జుట్టు ఇంకా వెనక్కి పోతే అవీ బయటపడతాయి. నుదుటి మీద లోతైన అడ్డగీతలుంటే ఆ గీతలోనే, బొమ్మలు ఒత్తుగా ఉంటే వాటి పై అంచు వెంబడే కోయొచ్చు. ఆ మచ్చ కొన్ని నెలలు కనిపిస్తుంది. చామనఛాయ వాళ్లకు నల్లబడొచ్చు కూడా. కెలాయిడ్ (గాయం మానాక ఉబ్బెత్తుగా పెరిగే మచ్చ) వచ్చిన చరిత్ర ఉంటే ముందే చెప్పండి.

మచ్చకన్నా నాకు భయం వేసేది ఎక్కువ లేపడం. మగవారి బొమ్మ ఎముక అంచు మీదే, దాదాపు అడ్డంగా ఉండాలి. బయటి కొస విల్లులా లేస్తే ఎప్పుడూ ఆశ్చర్యపోతున్నట్టు కనిపిస్తారు, సరిచేయడమూ కష్టం. ‘తక్కువైనా ఫర్వాలేదు’ అని సర్జన్‌కు మొహమాటం లేకుండా చెప్పండి.

సిగరెట్ కనీసం 4 వారాల ముందే మానాలి. రక్తం పలచబరిచే మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. వాపు, కమిలిన రంగు సాధారణంగా 2 వారాల్లో తగ్గుతాయి. నుదుటి తిమ్మిరి నెలల తరబడి ఉండొచ్చు. స్పర్శ తిరిగొచ్చేటప్పుడు దురద పెడుతుంది. హెల్మెట్ గాట్లను, ఎత్తి బిగించిన చోటును నొక్కుతుంది కాబట్టి సర్జన్ సరేననే దాకా బండి తీయకండి. ఒకవైపే గబగబా వాచి నొప్పి పెరిగితే లోపల రక్తం చేరుతోందేమో, రాత్రయినా సరే వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.